రెండు వారాల సెలవులో అండమాన్ వచ్చి సేవ చేయొచ్చా?

విశాఖలో ఉద్యోగమని, డిసెంబర్‌లో రెండు వారాలు సెలవు దొరుకుతుందని, అండమాన్‌లో ఏదైనా స్వచ్ఛంద సంస్థతో పనిచేయాలనుందని రాశారు. ఇక్కడ సేవా సంస్థల పరిస్థితి ఎలా ఉంది, ఎవరిని కలవాలి అన్నది మీ ప్రశ్న.

దీవులు చూడ్డానికైతే నిరభ్యంతరంగా రండి. సేవ కోసమైతే మాత్రం రెండు వారాలకు రావద్దనే చెప్తాను. కోపంతో అంటున్న మాట కాదిది, చివరిదాకా చదవండి. మీరున్న చోటే చేయగలిగిన పని ఒకటుంది, అది మాకు నిజంగా అవసరం.

నేను పుట్టింది పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో. మా నాన్న సోంపేట దగ్గర పల్లె నుంచి చేపల వేటకని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. 2024 సెప్టెంబర్‌లో ఊరి పేరు శ్రీ విజయపురమైంది కానీ మా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. ఇరవై ఏళ్ల పైనుంచి ఏదో ఒక సంస్థకు దుబాసీగానో, సామాన్ల లెక్కలు రాసేవాడిగానో, ఊరికే బరువులు మోసేవాడిగానో పనిచేస్తూనే ఉన్నాను.

సేవ అంటే బోర్డు పెట్టుకున్న ఎన్జీవోలే గుర్తొస్తాయి కానీ ఇక్కడ ఎక్కువ పని వాటి వల్ల జరగదు. 2011 జనాభా లెక్కల్లో అన్ని దీవులూ కలిపి 3.8 లక్షల మందే. అందులో బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, నికోబారీలు, ఛోటానాగ్‌పూర్ నుంచి అడవి పనులకు తెచ్చిన ‘రాంచీ’ వాళ్లు, బర్మా నుంచి వచ్చిన కరెన్లు. నూటికి పదమూడు మంది దాకా మన తెలుగువాళ్లు. ప్రతి జట్టుకీ ఒక సంఘం, ఒక గుడో చర్చో ఉంటాయి. వేటకెళ్లిన మనిషి తిరిగి రాకపోతే ముందు ఆ ఇంటి గుమ్మం తొక్కేది సంఘం వాళ్లే. పెళ్లికి గిన్నెలు, చావుకి కట్టెలు, పిల్లాడి కాలేజీకి ఓడ టికెట్టు, అన్నీ అక్కడి నుంచే. రసీదు పుస్తకం ఉంటుంది. ఆడిట్ అని ఎవరైనా అంటే నవ్వుతారు.

దీనికి ఒక చెడు కూడా ఉంది, దాచను. సంఘం ముందు అడిగే మాట ‘మీరు ఎవరి తాలూకు?’ అని. ఏ తాలూకూ కానివాడి గతి ఏమిటి? 2020లో లాక్‌డౌన్‌కి ఓడలు, విమానాలు ఆగిపోయినప్పుడు అది కళ్లారా చూశాం. కాంట్రాక్టు పని మీద వచ్చి చిక్కుకుపోయిన కూలీలకి ఏ సంఘమూ లేదు. మా వీధి కుర్రాళ్లు నెలన్నర వండి పెట్టారు. బియ్యం ఇచ్చినవాళ్లలో గురుద్వారా వాళ్లున్నారు, మసీదు వాళ్లున్నారు, పేరు చెప్పొద్దన్న ఒక హార్డ్‌వేర్ కొట్టు యజమాని కూడా ఉన్నాడు.

ఇక పెద్ద సంస్థల సంగతి. దాన్ని సునామీ నుంచి మొదలుపెట్టాలి.

2004 డిసెంబర్ 26, ఆదివారం. ఆరున్నరకి భూమి ఊగింది, కాసేపటికి సముద్రం వచ్చింది. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి మూడున్నర వేల మంది దాకా. వాళ్లలో ఎక్కువమంది నికోబార్ దీవుల వాళ్లే. దక్షిణ కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, లైట్‌హౌస్ నీళ్లలో నిలబడింది. మా ఊరి పక్కనే సిప్పీఘాట్‌లో పొలాలుండే చోట ఇవాళ్టికీ ఉప్పునీరే.

రెండు మూడు వారాల్లో పోర్ట్ బ్లెయిర్ హోటళ్లన్నీ సంస్థల వాళ్లతో నిండిపోయాయి. జీపుల మీద బ్యానర్లు. తెలుగు, హిందీ, కాస్త ఇంగ్లీషు వచ్చిన నాలాంటి కుర్రాడికి రోజూ పనే. హాడో వార్ఫ్ దగ్గర ఓడలో నుంచి మూటలు దించాం. విప్పితే ఉన్ని స్వెట్టర్లు, రగ్గులు! ఏడాది పొడుగునా చెమట కారే చోటికి. ఒక మూటలో పట్టుచీరలు కూడా ఉన్నాయి, మంచివే, కొన్నిటికి ఫాల్ కూడా కుట్టి ఉంది. ఎవరో అక్క పెట్టె తెరిచి మనసారా ఇచ్చేసి ఉంటుంది. ఆవిడని ఏమీ అనలేను. కానీ ఆ మూటలు ఓడలో ఆక్రమించిన చోటులో తార్పాలిన్లు, కొడవళ్లు, తాగునీటి డ్రమ్ములు రావాల్సింది.

మార్చిలో ఒక సంస్థతో గ్రేట్ నికోబార్ దీవిలోని క్యాంప్‌బెల్ బే వెళ్లాను, సంస్థ పేరు చెప్పను. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఐదు వందల కిలోమీటర్ల పైమాట, దీవి దీవికీ ఆగుతూ పోయే ఓడ. అక్కడ 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలను తెచ్చి భూములిచ్చి స్థిరపరిచారు. పంజాబీలు, మరాఠీలతో పాటు మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ల ఊళ్లు కొట్టుకుపోయి రేకుల ఇళ్లలో ఉన్నారు. పైనా రేకే, చుట్టూ రేకే. మధ్యాహ్నం పన్నెండు దాటితే లోపల ఉండలేం. ఒక ముసలమ్మ నన్ను కూర్చోబెట్టి అడిగింది: ‘నాయనా, మీరు నాలుగో జట్టు. అందరూ పేర్లు రాసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. రాసుకున్న కాగితాలు మీలో మీరు ఒకరికొకరు చూపించుకోరా?’

చూపించుకోరు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఆ సంస్థ కుట్టుమిషన్ల శిక్షణ పెట్టింది. పద్దెనిమిది నెలల ప్రాజెక్టు. సూది విరిగితే కొత్తది పోర్ట్ బ్లెయిర్ నుంచి రావాలి, దారం రావాలి, కుట్టింది కొనేవాడు ఎక్కడున్నాడు? నిధులు ఐపోగానే వాళ్లు సామాను సర్దుకున్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఇక్కడ ఆ సామెతలో ఏరూ ఓడా నిజంగానే ఉన్నాయి. మరుసటేడు వెళ్లినప్పుడు రెండు మిషన్ల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి.

నికోబారీల విషయంలో జరిగింది ఇంకా లోతైన నష్టం. వాళ్లలో ‘తుహెత్’ అని ఉంటుంది, అంటే పెద్ద ఉమ్మడి కుటుంబం. కొబ్బరి తోటలు, పందులు తుహెత్‌వి. ఊరికి పెద్ద కెప్టెన్, పైన ట్రైబల్ కౌన్సిల్. ఎవరికి ఎంత కావాలన్నది వాళ్లలో వాళ్లు తేల్చుకునేవారు. సాయం మాత్రం మన లెక్కలో వచ్చింది: మొగుడు, పెళ్లాం, పిల్లలు, ఒక చెక్కు. డబ్బు చేతిలోనూ బ్యాంకులోనూ పెద్దగా ఆడని చోటికి ఒక్కసారిగా లక్షలొచ్చాయి. రోడ్డు సరిగా లేని దీవికి మోటారు సైకిళ్లు, కరెంటు నిలవని ఇంటికి టీవీలు వచ్చాయి. తోట పోయిన మనిషి అడిగింది కొబ్బరి మొక్కలు, కత్తి, ఇల్లు కట్టుకోవడానికి పనిముట్లు. ఇల్లు మేమే కట్టుకుంటామన్నవాళ్లు నాలుగైదేళ్లు రేకుల కింద గడిపి, మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడల్లో తెచ్చిన ఇనుప చట్రాల ఇళ్లలోకి మారారు. సేవ ఎక్కువైతే ఏమవుతుందో నేర్చుకోవాలంటే కార్ నికోబార్ కంటే పెద్ద బడి లేదు. నేనూ అప్పట్లో ఆ చెక్కుల జాబితాల్లో పేర్లు రాసినవాణ్ణే, కాబట్టి పక్కనుండి రాళ్లేస్తున్నానని అనుకోకండి.

ఇప్పుడు ఆ జీపుల్లో ఒక్కటీ లేదు. విపత్తు డబ్బు విపత్తుతోనే పోయింది. ఆ తర్వాత వచ్చిన నిబంధనలు మిగిలిన చిన్న సంస్థల నడుం విరిచాయి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణతో విదేశీ విరాళం తీసుకున్న పెద్ద సంస్థ దాన్ని ఇంకో సంస్థకు పంచకూడదు, పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. మా ఊరి సంస్థలు బతికిందే పెద్దవాటి కింద చిన్న పాయగా. ఆ పాయ ఎండిపోయింది. పోనీ కంపెనీల సీఎస్సార్ (సామాజిక బాధ్యత) డబ్బుందా? లాభంలో రెండు శాతం ఖర్చు పెట్టాలన్న చట్టమే, తమ చుట్టుపక్కల ప్రాంతానికి మొగ్గు చూపమని కూడా చెప్తుంది. ఫ్యాక్టరీలు లేని దీవుల చుట్టుపక్కల ఎవరున్నారు? ఉన్నదంతా ప్రభుత్వమూ టూరిజమూ. జీపులో తిరిగిన కుర్రాళ్లలో సగం మంది ఇప్పుడు సర్కారు ఉద్యోగాల్లో ఉన్నారు, మిగతా సగం హేవ్‌లాక్ దీవిలో స్కూబా డైవింగ్ నేర్పిస్తున్నారు. పిల్లలున్న మనుషులు, వాళ్లని తప్పు పట్టను.

నిలబడి పనిచేస్తున్నవి చెప్పమంటే, పర్యావరణం వైపు వండూర్‌లో ఉన్న ఆనెట్ (అండమాన్ నికోబార్ ఎన్విరాన్‌మెంట్ టీమ్) ఉంది. వాళ్లు, దక్షిణ్ ఫౌండేషన్ వాళ్లు కలిసి లిటిల్ అండమాన్‌లో లెదర్‌బ్యాక్ తాబేళ్లను ఏళ్ల తరబడి లెక్కగడుతున్నారు. తీరంలో టెంట్లు, రాత్రంతా నడక, అన్నం పప్పు. అక్కడా రెండు వారాలవాళ్ల కంటే సీజనంతా ఉండేవాళ్లే పనికొస్తారు. అంతకుముందు ‘సేన్’ (సొసైటీ ఫర్ అండమాన్ అండ్ నికోబార్ ఎకాలజీ) అనే స్థానిక సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి కోర్టుకెళితే 2002లో సుప్రీంకోర్టు ఇక్కడి అడవుల నరికివేత మీద గట్టి తీర్పిచ్చింది. పిడికెడు మంది, పాత టైపురైటర్లు, అంతే వాళ్ల బలగం.

కార్ నికోబార్, నాన్‌కౌరీ వెళ్లి పనిచేస్తానంటే అది మీ ఇష్టం మీద ఆధారపడింది కాదు. 1956 నాటి ఆదివాసీ రక్షణ నిబంధన కింద అవి రిజర్వ్ ప్రాంతాలు, పాస్ లేనిదే కాలు పెట్టకూడదు. సేవ కోసమన్నా సరే. ఆ కట్టడి ఉండాల్సిందే.

బీచ్‌లు శుభ్రం చేయడం గురించి ఒక్క మాట. ఏరిన ప్లాస్టిక్‌లో సగం మీద థాయ్, బర్మీస్, మలయ్ రాతలుంటాయి. ఏరింది ఎక్కడ వేస్తాం? దీవిలో చెత్త దీవిలోనే ఉంటుంది. ఫొటో బాగుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ పెద్ద జబ్బు చేస్తే జీబీ పంత్ ఆసుపత్రి. బయటి దీవుల నుంచి అక్కడికి హెలికాప్టర్లో తెస్తారు, వాతావరణం బాగుంటే. అక్కడా కుదరకపోతే మెయిన్‌ల్యాండ్‌కు రెఫర్ చేస్తారు: చెన్నై, కలకత్తా, విశాఖ. రోగికి టికెట్టు ఏదో ఒకలా దొరుకుతుంది. దిగాక ఎవరున్నారు?

ఆరేళ్ల కిందట మా వీధి మనిషికి గుండె ఆపరేషన్‌కని నేను తోడుగా చెన్నై వెళ్లాను. పక్క మంచం మీద నాన్‌కౌరీ నుంచి వచ్చిన పెద్దాయన. వెంట పదహారేళ్ల మనవడు. ఇద్దరికీ హిందీ వచ్చు, తమిళం ఒక్క ముక్క రాదు. ఎస్కలేటర్ చూడటం ఆ కుర్రాడికి అదే మొదలు. రక్తం ఇచ్చేవాళ్లను ఇద్దరిని తీసుకురమ్మని నర్సు చెప్పింది. ఆ అబ్బాయి సరేనని తలూపి, మెట్ల దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఎక్కడి నుంచి తెస్తాడు? నేను ఫోన్లు చేస్తే ఒక తెలుగు మెస్సు నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఇచ్చారు. రాత్రి ఎనిమిదికి ఆ అబ్బాయి నా దగ్గరికొచ్చి ‘వాళ్లు ఏ దీవి వాళ్లు?’ అని అడిగాడు.

అప్పటి నుంచి నేను ముఖ్యంగా చేస్తున్నది ఇదే. ఓడ ఎక్కేముందు రోగి కుటుంబం మా కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుకి చెప్తుంది. అవతల ఒడ్డున ఎవరైనా ఒకరు రేవుకో, ఎయిర్‌పోర్టుకో వెళ్తారు. ఓపీ చీటీ రాయించడం, ఆసుపత్రి దగ్గర చవక గది వెతికిపెట్టడం, స్కాన్ ఏ అంతస్తులోనో చూపించడం, అవసరమైతే రక్తం. ఈ మధ్యలో రోగి చనిపోతే శరీరాన్ని వెనక్కి పంపే కాగితాలు చేయించడం కూడా. అది అన్నిటికంటే కష్టం, మొదటి రోజే ఆ పని చేయమని ఎవరినీ అడగను. చెన్నైలో నలుగురున్నారు, కలకత్తాలో ఒక బెంగాలీ దంపతులున్నారు. విశాఖలో ఉన్న ఒక్క మేష్టారికి ఈ ఏడాది మోకాళ్ల ఆపరేషన్ అయింది.

మీరు విశాఖలో ఉన్నానని రాశారు కదండీ. నెలకి ఒకటో రెండో కేసులు, ఒక్కోటి మూడు నాలుగు రోజుల పని. హిందీ మాట్లాడగలిగితే చాలు. డబ్బు మీ జేబులోంచి ఆటో ఛార్జీలకి మించి పెట్టొద్దు, పెడితే ఏడాదికి విసుగొచ్చి మానేస్తారు. ఉద్యోగం వేళలు ఎలా ఉంటాయో, కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) ఎంత దూరంలో ఉంటారో రాయండి. మీ బ్లడ్ గ్రూప్ కూడా.