చెన్నైలో క్రూయిజ్ ఎక్కేముందు పెట్టెలోంచి ఏమేం తీసెయ్యాలి?

కావలి నుంచి అడిగిన ప్రశ్న ఇది: అమ్మానాన్న, అత్తగారు, రెండేళ్ళ పాపతో కలిసి చెన్నైలో ఓడెక్కి శ్రీలంక దాకా ఐదు రాత్రుల ప్రయాణం. అమ్మ చిన్న రైస్ కుక్కరు, ఆవకాయ సీసా, పూజ సామాను సర్దేశారు. నాన్న ఇస్త్రీ పెట్టె, ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టారు. వీటిలో ఏవి ఆపుతారు, ఆపితే ఏం చేస్తారు?

ఐదూ ఆపుతారండీ. పూజ సామానులో దేవుడి పటం, కుంకుమ, విభూతి ఉంచుకోవచ్చు. మిగతావి కావలిలోనే వదిలెయ్యండి.

నిషేధం అనగానే కత్తులు, తుపాకులు గుర్తొచ్చి, మనకేం సంబంధం అనుకుని కంపెనీ పంపిన జాబితా ఎవరూ చదవరు. మన కుటుంబాల పెట్టెల్లో పట్టుబడేవన్నీ దాదాపుగా వేడి పుట్టించే వస్తువులే. రైస్ కుక్కరు, ఎలక్ట్రిక్ కెటిల్, ఇండక్షన్ పొయ్యి, నీళ్ళు కాచే రాడ్డు, ఇస్త్రీ పెట్టె, బట్టల స్టీమరు దాదాపు ఏ క్రూయిజ్‌లోనూ ఒప్పుకోరు. నడిసముద్రంలో నిప్పంటుకుంటే ఫైరింజన్ రాదు, ఆర్పాల్సింది ఓడ సిబ్బందే. 2006 మార్చిలో జమైకా దగ్గర స్టార్ ప్రిన్సెస్ అనే పెద్ద ఓడలో ఒక బాల్కనీలో మంట మొదలైంది. ఆర్పకుండా పారేసిన సిగరెట్టే కారణమై ఉంటుందని దర్యాప్తులో తేల్చారు. బాల్కనీల మధ్య ప్లాస్టిక్ తడికెలు అంటుకుని వందకు పైగా గదులు దెబ్బతిన్నాయి, ఒక ప్రయాణికుడు చనిపోయారు. బాల్కనీలో సిగరెట్, నాన్నగారి చుట్ట వద్దనేది అందుకే. కాల్చుకోవడానికి ఓడలో వేరే చోటు ఉంటుంది, అక్కడే కాల్చాలి.

మన కుక్కరూ కెటిలూ ఓడలో సరిగా పనిచెయ్యవు కూడా. చాలా ఓడల గదుల్లో 110 వోల్టుల ప్లగ్గు ఒకటి, 220 ది ఒకటి ఉంటాయి. 230 వోల్టులకు చేసిన 1500 వాట్ల కెటిల్‌ని 110లో పెడితే వచ్చేది సుమారు 340 వాట్లే, అంటే పావు వంతు కూడా కాదు. నీళ్ళు ఎంతకీ మరగవు. మరిగేదాకా ఉండనిద్దామని వదిలేసి డెక్ మీదికి పోతారు. అదే ప్రమాదం.

వేడినీళ్ళకు ఖాళీ స్టీలు ఫ్లాస్కు ఒకటి పట్టుకెళ్ళండి. కొన్ని ఓడల్లో గదిలోనే కెటిల్ పెడతారు. లేకపోతే బఫే డెక్‌లో టీ, కాఫీలు కలుపుకునే చోట పట్టుకోవచ్చు. పాప పాలకు రాత్రికి కావలసినవి పడుకోబోయే ముందే తెచ్చుకోండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎందుకు ఆపుతారో ఎవరికీ అర్థం కాక వాదనకు దిగుతారు. మన ఇంట్లో వచ్చే రెండు తీగల్లో ఒకటి ఫేజు, ఇంకోటి న్యూట్రల్. న్యూట్రల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలుపుతారు. చాలా ఓడల్లో అట్టా కలపరు. ఒకచోట ఎర్త్ తగిలినంత మాత్రాన కరెంటు పోయి స్టీరింగు, పంపులు ఆగిపోకుండా ఈ ఏర్పాటు. దాంతో ఓడ ఇనప ఒంటితో పోలిస్తే రెండు తీగల్లోనూ వోల్టేజీ ఉంటుంది. సర్జ్ ప్రొటెక్టర్ (హఠాత్తుగా పెరిగే వోల్టేజీ నుంచి కాపాడే ఏర్పాటు) ఉన్న బాక్సు లోపల తీగకూ ఎర్త్‌కూ మధ్య బిళ్ళలాంటి వేరిస్టర్ అనే భాగం ఉంటుంది. ఓడలో ఇంకెక్కడో ఒక తీగకు ఎర్త్ తగిలితే పూర్తి వోల్టేజీ రెండో తీగ మీద పడుతుంది. అప్పుడా బిళ్ళ అదేపనిగా వేడెక్కి ప్లాస్టిక్ డబ్బాను అంటించొచ్చు. బాక్సు మీది స్విచ్చి ఆపినా తెగేది ఒక్క తీగే, రెండోది బతికే ఉంటుంది. 2013లో అమెరికా కోస్ట్ గార్డ్ దీనిమీదే ఓడలకు హెచ్చరిక జారీ చేసింది. ఇప్పుడు చాలా కంపెనీలు సర్జ్ ఉన్నా లేకున్నా మల్టీప్లగ్గులు ఏవీ రానివ్వడం లేదు.

దాని బదులు ఏం పెట్టుకోవాలంటే: వైరు లేని, నేరుగా గోడకు గుచ్చే మామూలు ట్రావెల్ అడాప్టర్లు రెండు, నాలుగు యూఎస్‌బీ పోర్టుల ఛార్జరు ఒకటి. అడాప్టర్ మీద జౌల్స్ లెక్క గానీ సర్జ్ అన్న మాట గానీ రాసి ఉంటే కొనొద్దు. మన మూడు పిన్నుల ప్లగ్గు ఓడ గోడకు పట్టదు. ఒక ప్లగ్గుకు రెండు బల్లపరుపు పిన్నులు కావాలి, రెండోదానికి రెండు గుండ్రటివి. ఛార్జరు, ట్రిమ్మరు వెనకాల ఇన్‌పుట్ 100–240 అని ఉంటే రెండింటిలోనూ పనిచేస్తుంది. 220–240 అని మాత్రమే ఉంటే 110లో పెట్టొద్దు. పవర్ బ్యాంకు చేతిసంచిలో ఉంచండి. సింగపూర్ వెళ్ళి అక్కడ ఓడెక్కేవాళ్ళయితే విమానం లెక్క కూడా చూసుకోవాలి: 100 వాట్ అవర్లు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ దాకా అనుమతి అక్కర్లేదు, అదీ చేతి సామానులోనే.

ఇస్త్రీకి ఓడలోనే డబ్బులు తీసుకుని చేసిపెడతారు. పట్టుచీరలు మడత పెట్టకుండా చుట్టగా చుట్టి పెడితే ముడతలు తక్కువ. కాటన్‌వి స్నానాల గదిలో తగిలించి పది నిమిషాలు వేడినీళ్ళ ఆవిరి పట్టిస్తే చాలావరకు సర్దుకుంటాయి. గది గోడలు ఎక్కువగా ఇనపవే, అయస్కాంతం కొక్కేలు నాలుగు పట్టుకెళ్తే చక్కగా అంటుకుంటాయి. బాల్కనీ కమ్మీకి తాడు కట్టి బట్టలారేయొద్దు, గాలికి సముద్రంలో పడతాయి.

పూజ దగ్గరే ఇంట్లో గొడవ వస్తుంది. దీపం, కర్పూరం, అగరొత్తులు, అగ్గిపెట్టె, దోమల బత్తి ఏదీ గదిలో వెలిగించకూడదు. ఒక్క అగరొత్తి పొగకే గది కప్పులోని సెన్సర్ మోగొచ్చు. ఆ సంకేతం ఓడ నడిపే బ్రిడ్జికి పోతుంది, నిమిషాల్లో సిబ్బంది తలుపు కొడతారు. కిటికీ తీస్తే పొగ పోతుందిలే అనుకోవడానికి చాలా గదుల కిటికీలు తెరుచుకోవు. బ్యాటరీతో వెలిగే చిన్న దీపం ఒకటి కొనిపెట్టండి. నిత్య దీపారాధన ఆగకూడదని అత్తగారి పట్టుదల అయితే, ఆ ఐదు రోజులూ ఇంటి దగ్గర దీపం పెట్టేందుకు పక్కింటివాళ్ళకు తాళం ఇచ్చి పోవడం మంచిది. ఓడలో రహస్యంగా వెలిగిద్దామని మాత్రం అనుకోవద్దు.

ఇక తిండి. ఇంట్లో చేసినది ఏదైనా ఆపుతారు: ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు, ఎండు చేపలు, చేపల పులుసు, పచ్చి కొబ్బరికాయ, పండ్లు. ఓడ వంటింట్లో ప్రతి వంటకం ఎప్పుడు వండారో, ఎంత వేడి మీద ఉంచారో రాసి పెడతారు. వేలమంది ఒకే గాలి, ఒకే మెట్ల కమ్మీలు పంచుకునే చోట ఒక్కరికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వైద్యులు మొదట అడిగేది ఏం తిన్నారనే. బయటి తిండి ఉంటే ఆ ఆరా అక్కడే ఆగిపోతుంది. అన్నంతో అసలు చిక్కు ఇంకోటి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషం వదులుతాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. పులిహోరకు చింతపండు పులుపు కొంత కాపలా కాస్తుంది. కొబ్బరన్నానికీ బిర్యానీకీ అదీ ఉండదు. గదిలో ఉండే చిన్న ఫ్రిజ్ చాలా ఓడల్లో సీసాలు చల్లబరిచే పెట్టె మాత్రమే, వండినవి దాచేందుకు పనికిరాదు.

కాబట్టి దారికి కట్టిన పులిహోర గూడూరు, నాయుడుపేట మధ్య ఎక్కడో ఆపి తినేయండి. మిగిలితే చెన్నైలో రేవు గేటు దాకా మోసుకుపోవద్దు.

కొన్న స్వీట్లు, బిస్కెట్లు, చిప్స్ సీల్ తియ్యకుండా, తయారీ తేదీ, పదార్థాల వివరం ఉన్న ప్యాకెట్లలో ఉంటే కొన్ని కంపెనీలు కొద్దిగా ఒప్పుకుంటాయి, కొన్ని అదీ ఒప్పుకోవు. టికెట్‌తో వచ్చిన నిబంధనల్లో చూసుకోండి. తూకం వేసి అట్టపెట్టెలో కట్టించిన మలైకాజా గానీ ఒంగోలు మైసూరుపాకు గానీ ఈ లెక్కలోకి రావు. కారం లేక నోరు చప్పబడుతుందని నాన్నగారు బెంగపెట్టుకోనక్కర్లేదు. మన దేశం నుంచి బయల్దేరే ఓడల్లో దక్షిణాది టిఫిన్లు, శాకాహారం, జైన్ భోజనం దొరుకుతాయి, అడిగితే పచ్చడీ పెడతారు.

పాప తిండికి మినహాయింపు ఉంది. డబ్బా పాలపొడి, సెరిలాక్ లాంటివి సీల్‌తో తీసుకెళ్ళొచ్చు. ఇంట్లో కొట్టిన ఉగ్గు పిండే పెట్టాలంటే కనీసం రెండు వారాల ముందు కంపెనీకి ఈమెయిల్ రాసి, పిల్లల డాక్టరు చీటీ జతచేసి, వచ్చిన జవాబు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. ఫోన్లో సరేనన్నారని చెబితే రేవులో స్కానర్ దగ్గర చెల్లదు. పథ్యం ఉన్న పెద్దవాళ్ళకూ ఇదే పద్ధతి.

అత్తగారి సంచిలో ఆకూవక్కా ఉంటే అడకత్తెర తీసి ఇంట్లో పెట్టండి, అది పదునైన పనిముట్టు కింద లెక్క. చాలా కంపెనీలు 4 అంగుళాలు దాటిన కత్తెర, చాకు రానివ్వవు. గోళ్ళు కత్తిరించుకునేవి, చిన్న కుట్టు కత్తెర ఫరవాలేదు. పెప్పర్ స్ప్రే, బొమ్మ తుపాకీ, టపాకాయలు, డ్రోన్, వాకీటాకీ, హోవర్‌బోర్డు వద్దు. శాటిలైట్ ఫోన్ అసలే వద్దు, మన దేశంలో అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. ఈ-సిగరెట్లు 2019 చట్టంతో ఇక్కడే నిషేధం. మద్యం బయటినుంచి తేకూడదు. రాయల్ కరీబియన్ లాంటి కంపెనీలు ఎక్కే రోజున పెద్దవాళ్ళు ఒక్కొక్కరికి 750 మి.లీ. వైను సీసా ఒకటి ఒప్పుకుంటాయి, అదీ చేతిసంచిలోనే. మౌత్‌వాష్ సీసాలో మద్యం పోసి రంగు కలిపి తెచ్చే ఎత్తు సెక్యూరిటీ వాళ్ళకు పాతదే, మూత తీసి వాసన చూస్తారు.

ఓడ ఒప్పుకున్నా దిగే దేశం ఒప్పుకోనివి కొన్ని ఉంటాయి. సింగపూర్‌లో చూయింగ్ గమ్, ఖైనీ, గుట్కా, ఈ-సిగరెట్ నిషేధం, సిగరెట్‌కు ఒక్కదానికైనా సుంకం కట్టాలి. దుబాయ్ నుంచి ఎక్కేవాళ్ళు గసగసాలు, అవి కలిసిన మసాలా పొడి తీసెయ్యాలి, అక్కడ మత్తుపదార్థం కింద పట్టుకుంటారు. అమెరికాలో పిల్లల దగ్గరికెళ్ళి కరీబియన్ క్రూయిజ్ ఎక్కే తల్లిదండ్రులు మిలిటరీ మచ్చల బట్టలు పెట్టుకోవద్దు. బార్బడోస్, జమైకాల్లో అవి మామూలు జనం వేసుకోవడం నేరం, చిన్నపిల్లల నిక్కర్లకు కూడా. ఏ రేవులోనైనా బఫేలోని అరటిపండు సంచిలో వేసుకుని దిగొద్దు.

మందుల మీద ఓడవాళ్ళు ఆంక్ష పెట్టరు గానీ పద్ధతి ఉంది. స్ట్రిప్పుల్లోంచి మాత్రలు విప్పి డబ్బాలో కలిపెయ్యొద్దు, పేరు కనపడాలి. మందు అసలు పేరుతో ఇంగ్లీషులో రాసిన చీటీ ఉండాలి. ఐదు రాత్రులకు పది రోజులకు సరిపడా పెట్టుకోండి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్, ఆల్ప్రాజోలం లాంటివి వాడుతుంటే ఆ దేశం నియమం ముందే చూడాలి, కొన్నిటికి ముందస్తు అనుమతి కావాలి. ఇన్సులిన్ చేతిసంచిలోనే. వాడేసిన సూదులు చెత్తబుట్టలో పడేస్తే గది ఊడ్చేవాళ్ళకు గుచ్చుకుంటాయి, రిసెప్షన్‌లో అడిగితే సూదుల డబ్బా ఇస్తారు. నిద్రలో శ్వాసకు సీప్యాప్ మిషన్ వాడేవాళ్ళు టికెట్ తీసినప్పుడే చెప్పాలి, దానికి కావలసిన వైరు ఓడవాళ్ళే సర్దుతారు. ఆక్సిజన్‌కూ అంతే.

రేవులో ఏం జరుగుతుందంటే, పెద్ద పెట్టెలకు గది నంబరు ట్యాగు కట్టి కూలీలు తీసుకుపోతారు. అవి స్కానర్ గుండా వెళ్ళి సాయంత్రానికి గది గుమ్మం ముందుకొస్తాయి. అనుమానం వస్తే ఆ పెట్టె రాదు. గంటలకొద్దీ ఎదురుచూసి మీరే సెక్యూరిటీ దగ్గరికెళ్ళి వాళ్ళ ముందు తెరవాలి. అందుకే పాస్‌పోర్టులు, మందులు, పాప పాలు, డైపర్లు, ఒక్కో జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. పెట్టెకు తాళం వేస్తే తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి, ఇంట్లో మరిచిపోతే తాళం పగలగొట్టాల్సి వస్తుంది.

పట్టుబడిన ఇస్త్రీ పెట్టె, కుక్కరు లాంటివి రసీదు రాసిచ్చి దాచి, చివరి రోజు తిరిగిస్తారు. తిండి పదార్థాలు పారేస్తారు, చట్టవిరుద్ధమైనవి పోలీసుల చేతికి పోతాయి. ఆ రసీదును పాస్‌పోర్టు కవర్లో పెట్టండి. దాచినవాటిని ఎక్కడ, ఏ టైముకు ఇస్తారో ముందురోజు రాత్రే రిసెప్షన్‌లో అడిగి పెట్టుకోండి. దిగే రోజు పొద్దున ఆ కౌంటరు ముందు పెద్ద వరుస ఉంటుంది. రేవు దాటి బయటికొచ్చాక కుక్కరు కోసం మళ్ళీ లోపలికి పంపరు.