ఆ ఏడుపు తాబేలుది కాదు

విశాఖపట్నం

అమ్మాయీ,

నీ కథ అందింది. మూడో పేజీ దగ్గర ఒళ్లు మండింది. ఆర్కే బీచ్ ఇసకలో గుడ్లు పెట్టిన తాబేలు ‘బిడ్డల్ని వదల్లేక కన్నీరుమున్నీరైంది’ అన్నావు. ఆలివ్ రిడ్లే తాబేలు కంట్లోంచి నీళ్లు కారే మాట నిజమే. ఒంట్లో చేరిన ఉప్పుని కళ్ల దగ్గరున్న గ్రంథులు అలా బయటికి తోసేస్తాయి. సముద్రంలో ఉన్నా తోస్తాయి, మనకి కనబడదంతే. గుడ్లు కప్పెట్టి అది తన దారిన పోతుంది. ఆ ఏడుపు నీది. దాని మొహానికి పులిమావు.

భాష బాగుంది.

జంతువు కథంటే మనిషికి తోలు కప్పడం కాదని ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నాను. దానికి ఏం తెలుస్తుందో అదే రాయాలి. నీ పిల్ల తాబేలు బీచ్ రోడ్డు దీపాలు చూసి ‘మనుషుల వైభవానికి విస్తుపోయింది’. దానికి మనుషులెవరు, వైభవమేమిటి? 45 నుంచి 60 రోజులు గుడ్డులో, ఇసక కింద ఉండి వచ్చింది. పై ఇసక చల్లబడితే రాత్రయినట్టు దానికి గుర్తు. అప్పుడు గూడంతా ఒక్కుమ్మడిగా పైకొస్తుంది. నేల అంచున ఎటు వెలుగెక్కువుంటే అటు పాకుతుంది. దీపాల్లేని తీరంలో ఆ వెలుగు సముద్రానిదే. మన ఊళ్లో బీచ్ రోడ్డుది. అంటే ఆ పిల్ల లెక్కలో అది దారి తప్పలేదమ్మా, సముద్రంలోకే వెళ్తోంది. ఆ సముద్రంలో ఆటోలు తిరుగుతున్నాయి. కథ అక్కడుంటే నువ్వు వైభవం దగ్గర ఆగిపోయావు!

కుర్రతనంలో నేను కంబాలకొండ అడవి చిరుత మీద కథ రాశాను. అంతా వాసనలు, చప్పుళ్లు, చీకటి. ఒక వారపత్రిక ఎడిటరు ‘నీతి ఏదీ?’ అని ఎర్రసిరాతో రాసి తిప్పి పంపాడు. చివర్లో చిరుత చేత అడవిని కాపాడమని నాలుగు ముక్కలు చెప్పిస్తే వేసుకుంటాట్ట. హార్బరులో రాత్రి డ్యూటీ దిగొచ్చి, మళ్లీ ఫెయిరు చేసి ఇంకోచోటికి పంపేవాణ్ని. అక్కడా అదే పాట. ఇప్పుడు పర్యావరణ కథల పోటీలొచ్చాయి, ప్రతి పిచ్చుకా మైకు పట్టుకుంటోంది.

గుడ్లు పెట్టే రోజుల్లో అటవీశాఖ వాళ్లు వాటిని ఏరి హేచరీల్లో, అంటే పిల్లలయ్యేదాకా కాపాడే ఇసక మడుల్లో, పాతిపెడతారు. వాళ్లనడిగి ఒక రాత్రి వెంట వెళ్లు. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకో, ఆ రంగు తాబేళ్ల కంటికి అంతగా ఆనదు. ఫోను తియ్యకు. బోర్లా పడుకుని, గడ్డం ఇసకకి ఆనించి రోడ్డు వైపు చూడు. ఆ తర్వాత మూడో పేజీ తిరగరాయి.

ఈసారి కవరుకి సరిపడా స్టాంపులు అంటించు. పోస్టుమాను నా దగ్గర వసూలు చేశాడు.