సైన్స్ క్లాసు, ఖోఖో కోర్టు, తేనెపెట్టెలు: మూడూ కుదురుతాయా?

ప్రశ్న: బీఎస్సీ బీజెడ్‌సీ ఫైనలియర్ చదువుతున్నాను. యూనివర్సిటీ జట్టులో ఖోఖో ఆడాను. సైన్స్ టీచర్నై పిల్లలకు ఆట కూడా నేర్పాలని ఉంది. మామయ్య ఇచ్చిన రెండు తేనెపెట్టెలు పొలంలో ఉన్నాయి, వాటినీ వదలాలని లేదు. నాన్నేమో ‘ఏదో ఒకటి తేల్చుకో’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: నాన్నగారి టెన్షన్‌లో అర్థముంది. ముందు తేలాల్సింది జీతం ఎక్కడి నుంచి రావాలన్నది. అది టీచరు ఉద్యోగం నుంచే రానివ్వండి.

ఎడ్‌సెట్ రాసి బీఈడీలో చేరండి. రెండేళ్లు. టీచరు అర్హత పరీక్ష టెట్‌లో వచ్చిన మార్కులకు, సర్కారీ టీచరు పోస్టులు నింపే డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంటుంది, పాసైతే చాలనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు గానీ అలాంటిది ఏటా రాదు. ఈలోగా ప్రైవేటు బడిలో చేరాల్సి రావచ్చు. బీపీఈడీ కూడా చేయాలా అంటే, వద్దంటాను. అది మరో రెండేళ్లు, వ్యాయామ ఉపాధ్యాయ పోస్టు కావాలనుకున్నవాళ్లకు. బయాలజీ చెబుతూ సాయంత్రాలు ఖోఖో నేర్పాలంటే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) నడిపే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ప్రయత్నించండి. యూనివర్సిటీకి ఆడిన సర్టిఫికెట్లు జాగ్రత్తగా దాచుకోండి, అక్కరకొస్తాయి.

ఇక రోజువారీ టైంటేబుల్ కంటే ఏడాది క్యాలెండర్ ముందు పెట్టుకోండి. అండర్-14, అండర్-17 జట్ల మండల, జిల్లా ఎంపికలు సాధారణంగా బడులు తెరిచాక, వానాకాలంలో నడుస్తాయి. మైదాన ప్రాంతాల్లో తేనెటీగలకు అది పూలు దొరకని కాలం. అప్పుడు వాటికి పంచదార పాకం పోస్తే చాలు, అదీ చీకటి పడే వేళే పోయాలి. పగలు పోస్తే పక్క పెట్టెల ఈగలు దోచుకుంటాయి. అంటే ప్రాక్టీసు అయ్యాక పది నిమిషాల పని. అసలు ఇబ్బంది మార్చిలో. పదో తరగతి పరీక్షలూ, రబీ పొద్దుతిరుగుడు తేనె తీసే పనీ మీద పడతాయి. ఆ నెలకు మామయ్యను ఇప్పుడే ఒప్పించుకోండి.

పెట్టె తెరవడం మాత్రం ఆదివారం ఉదయం, ఎండెక్కాక. నేనూ ఒకప్పుడు రెండు పెట్టెలు పెంచాను. పిల్లలతో ఆడి, చెమటకు తడిసిన బనియన్‌తోనే సాయంత్రం ఆరింటికి మూత తీశాను. అప్పటికి మేతకెళ్లినవన్నీ గూటికి చేరి ఉన్నాయి. కనుబొమ్మ మీద కుట్టింది. మర్నాడు ఒంటికన్నుతో పాఠం చెబుతుంటే పిల్లలకు నవ్వాగలేదు.

ఆ పిల్లలే తర్వాత తేనెటీగల గురించి అడగడం మొదలుపెట్టారు. మీ క్లాసుకూ అది పనికొస్తుంది. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రాణి 16 రోజులకు, శ్రామిక ఈగ 21 రోజులకు, మగ ఈగ 24 రోజులకు బయటికొస్తాయి. మగ ఈగ ఫలదీకరణ కాని గుడ్డు నుంచి పుడుతుంది కాబట్టి దానికి తండ్రి ఉండడు, తాత మాత్రం ఉంటాడు. వంశపారంపర్యం పాఠం ఆ ఒక్క వాక్యంతో మొదలుపెట్టి చూడండి, వెనక బెంచీ కూడా తల ఎత్తుతుంది. అలాగని పెట్టెలు బడి ఆవరణలోకి తేవద్దు. పిల్లలు పరిగెత్తే చోట ఈగలు ఎగిరే దారి ఉండకూడదు. కుట్టినప్పుడు కొందరికి అలర్జీ ప్రాణం మీదికి వస్తుంది. క్లాసుకు ఈగల్లేని ఒక ఎండు తేనెపట్టు ముక్క చాలు.

సర్కారీ ఉద్యోగమొస్తే ఇంకోటి. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రైవేటు వ్యాపారానికి ముందస్తు అనుమతి కావాలి. ఇంటికీ బంధువులకూ పంచినంత కాలం సరే, సీసాలకు లేబుల్ వేసి అమ్మే ముందు రాతపూర్వకంగా అడగండి.

బీఈడీ పూర్తయ్యేదాకా రెండు పెట్టెలకు మూడోది చేర్చకండి. పెట్టె స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలున్నాయో లేదో ఈ వారమే చూడండి. అవి ఎండితే చీమలు పైకెక్కుతాయి.