ఏం విన్నావో రాసేటప్పుడు

బరంపురం

చి. ల. సౌ. చిట్టికి,

మీ పెద్ద మామయ్య ఆశీర్వదించి రాసేది. మేం ఇక్కడ అందరం క్షేమం.

మొన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషంతోనే పట్టలేదు. రాయగడలో నువ్వు, పర్లాకిమిడిలో నీ స్నేహితురాలు, జయపురంలో ఆ బ్యాంకు అబ్బాయి, భువనేశ్వర్‌లో ఇద్దరు ఒడియా పిల్లలు, ఏ రోజు ఏ కచేరీ విన్నారో ఒకరికొకరు రాసుకుంటున్నారంటే నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ముప్ఫై ఏళ్లు నేను చేసిన పని అదే. పోస్టు కవర్లు, క్యాసెట్లు, రైల్లో వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపడాలు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే గాలికి పోతుంది, కాగితం మీదుంటే మళ్లీ చూసుకుంటావు.

నువ్వు చదివి వినిపించిన వాటిలో ఒకటి దగ్గర నా మనసు ఆగిపోయింది. ‘ఈరోజు బాలమురళి. సూపర్.’ అంతే ఉంది. అమ్మా, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో పుట్టి 2016 దాకా ఉన్నారు. చిన్నతనం నుంచీ పాడారు. ఏ వయసు గొంతు విన్నావు? విజయవాడ రేడియోలో భక్తిరంజని పాడిన రోజులదా, తర్వాతి కచేరీలదా? త్యాగరాజ కీర్తనా, ఆయన సొంత కీర్తనా? మన సంగీతానికి మూలమైన 72 మేళకర్త రాగాల్లోనూ కీర్తనలు కట్టిన మనిషి ఆయన. వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు? ఇవేవీ లేకుండా సూపర్ అంటే, నీ ఆనందం అవతలివాళ్లకు తెలుస్తుంది గానీ వాళ్లకు అందదు.

కాబట్టి ముందు పేర్లు రాయి. పాడినవారిదీ, పక్కవాద్యాలవారిదీ. రాగం, తాళం, ఎక్కడి కచేరీ, ఏ సంవత్సరం, తెలిసినంతవరకు. ఆ తర్వాత నిన్ను పట్టుకున్న చోటు ఒకటి చెప్పు. ‘పద్నాలుగో నిమిషంలో పంచమం మీద ఆగారు, వయొలిన్ ఆ ఆగడాన్ని పొడిగించింది’ అని రాశావనుకో, జయపురం అబ్బాయి సరిగ్గా అక్కడికి వెళ్లి వింటాడు. వాడికి వేరే చోటు నచ్చవచ్చు. అప్పుడు మాట మొదలవుతుంది.

తెలియనిది తెలియదు అనే రాయి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే నేను చేసిన తప్పు ఇదే. ఒక శనివారం రాత్రి రేడియోలో జాతీయ సంగీత కార్యక్రమం రికార్డు చేస్తున్నాను. మొదట్లో కరెంటు పోయింది. వచ్చేసరికి ప్రకటన అయిపోయింది. ఆ గొంతు విని, ఇది ఫలానా విద్వాంసులదే అని నాకు నేనే తీర్మానించుకుని, క్యాసెట్ అట్ట మీద పెన్నుతో పేరు రాసేశాను. ఇచ్ఛాపురంలో ఒకరు, పలాసలో ఒకరు, ఛత్రపురంలో ఇద్దరు దాన్ని కాపీ చేసుకున్నారు. మూడేళ్ల తర్వాత విజయనగరం నుంచి వచ్చిన ఒక వయొలిన్ మాస్టారు మా ఇంట్లో రెండు నిమిషాలు విని, ‘ఇది ఆయన కాదండీ, ఆయన శిష్యుడు’ అన్నారు. ఆ శిష్యుడికి అప్పటికింకా పెద్ద పేరు రాలేదు. ఆయన పాడిన పాటకు మేం మూడేళ్లపాటు గురువుగారినే పొగిడాం. నలుగురికీ కార్డులు రాశాను. ముగ్గురు దిద్దుకున్నారు. నాలుగో ఆయన ఇల్లు మారిపోయారు, కార్డు తిరిగొచ్చింది. ఆ క్యాసెట్ ఇప్పటికీ ఎక్కడో నా తప్పుతోనే ఉందని గుర్తొస్తే బాధగా ఉంటుంది. మీ కాలంలో ఒక తప్పు పేరు సాయంత్రానికి ఎన్ని ఊళ్లు తిరుగుతుందో నీకే బాగా తెలుసు.

మీలో ఇద్దరు హిందుస్తానీ వినే పిల్లలున్నారు కనుక ఇంకో సంగతి. కాలేజీలో లెక్కలు చెప్పే ఒడియా మిత్రుడొకాయన నాకుండేవారు. ఒక సాయంత్రం ‘తోడి వినిపిస్తాను రండి’ అని పిలిచి, రాజరత్నం పిళ్ళైగారి నాదస్వరం పెట్టాను. ఆయన కాసేపు విని, ‘ఇది భైరవి కదా’ అన్నారు. నాకు కోపం వచ్చింది. మర్నాడు ఆయన తన తోడి తెచ్చారు. వింటే నా చెవికి అది శుభపంతువరాళి! ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. మీ అత్తయ్య వచ్చి హార్మోనియం మా మధ్య పెట్టి వెళ్లింది. మెట్లు ఒక్కొక్కటీ నొక్కి చూస్తే విషయం తేలింది. మన తోడి 8వ మేళకర్త. ఆ స్వరాలు హిందుస్తానీలో భైరవివి. వాళ్ల తోడి స్వరాలు మన 45వ మేళకర్త శుభపంతువరాళివి. మన భైరవి మళ్లీ వేరు, అందులో ధైవతం, అంటే ‘ద’ స్వరం, రెండు రకాలూ వస్తాయి. పేరొకటే, రాగాలు వేరు.

అంతటితో అయిపోయిందనుకోకు. స్వరాలు కలిశాయి కదా అని మన తోడి, వాళ్ల భైరవి ఒకటే అనుకుంటే అదింకో పొరపాటు. మన తోడిలో గాంధారం, అంటే ‘గ’ స్వరం, నిలకడగా నిలబడదు, ఊగుతుంది. ఆ ఊపులోనే తోడి ఉంది. వాళ్ల భైరవిలో అదే గాంధారం నడక వేరు. మోహనం, భూపాలి సంగతీ అంతే, హిందోళం, మాల్కౌంస్ సంగతీ అంతే. అందుకని మీరు రాగం పేరు రాసినప్పుడు కర్ణాటకమో హిందుస్తానీయో పక్కనే రాయండి. వారానికొకసారి ఇలాంటి జంట ఒకటి తీసుకుని, రెండు వైపులా ఒక్కొక్క రికార్డింగు అందరూ వినండి. ఆ లెక్కల మాస్టారితో నాకు ఇరవై రెండేళ్ల స్నేహం ఆ హార్మోనియం దగ్గరే మొదలైంది.

సాహిత్యం విషయంలో మాత్రం బరువు మీ తెలుగు పిల్లల మీదే ఉంది. త్యాగయ్యగారు తంజావూరు సీమలో ఉండి మనింటి భాషలో రాశారు. ‘నగుమోము గనలేని నాజాలిఁ దెలిసి’ అనగానే, నవ్వే ముఖం చూడలేక పడే దిగులు నీకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. భువనేశ్వర్ పిల్లలకు ఆభేరి రాగం అందుతుంది, ఆ దిగులు ఎవరిదో అందదు. నువ్వు చెప్పాలి. పల్లవి అర్థం రెండు వాక్యాల్లో ఒడియాలో రాసి పెట్టు. ఇంకో మాట. మన సరిహద్దు ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివి, తెలుగు అక్షరం రాని పిల్లలు చాలామంది ఉన్నారు. పర్లాకిమిడి అమ్మాయి కూడా అంతే అన్నావు కదా. దానికి సిగ్గుపడనివ్వకు. సాహిత్యాన్ని ఒడియా లిపిలో రాసి ఇవ్వు. పాట నోటికొచ్చాక అక్షరాలు నేర్చుకోవాలని తనకే అనిపిస్తుంది, మా పెద్దమ్మాయి అలాగే నేర్చుకుంది. పాడేవారు పదాన్ని ఎక్కడ తప్పుగా విరిచారో కూడా మీ చెవికే ముందు దొరుకుతుంది. దొరికితే రాయి, గౌరవంగా. బదులుగా ఆ పిల్లల్ని జయదేవుడి అష్టపదులు ఒడిస్సీ పద్ధతిలో పాడినవి పంపమని అడుగు. మన భజనల్లో విన్న అష్టపదే వాళ్ల వరసలో వింటే కొత్తగా ఉంటుంది.

అన్నమయ్య పాటైతే వరస కట్టినవారి పేరు తప్పనిసరి. ఆయన పాటలు చెక్కిన రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి గానీ స్వరం లేదు. మనం ఇవాళ వింటున్న వరసలు చాలావరకు గత వంద ఏళ్లలో కట్టినవే. ‘నానాటి బదుకు’ రేవతిలో మన చెవుల్లో నిలిచిపోయిందంటే అది నేదునూరి కృష్ణమూర్తిగారి చలవ. పాడిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి పేరు రాసి ఆయన పేరు వదిలేస్తే నా మనసు ఒప్పదు.

పాత రికార్డులు వినేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకో. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ ప్లేటులో ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లరే పట్టేది. ఆలాపన లేదు, స్వరాలు నాలుగే ఆవర్తాలు (తాళం చుట్లు) అని తక్కువగా చూడకు. గంట సేపు పాడగలవారు ఆ మూడు నిమిషాల్లో దేన్ని ఉంచుకున్నారో అది చూడు. రెండోది వేగం. పాత టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు చాలాసార్లు వేగం తేడా వస్తుంది. దాదాపు 6 శాతం ఎక్కువ తిరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోతుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడినవారు రెండులో పాడినట్టు వినబడతారు, గొంతు సన్నబడుతుంది, బిర్కాలు, అంటే గొంతులో గబగబా దొర్లే స్వరాలు, అసలు పాటలో లేని వేగంతో పరుగెడతాయి. ఫోన్‌లో శ్రుతిపెట్టె పెట్టుకుని ఒకసారి సరిచూసుకున్నాకే ‘ఎంత వేగం!’ అని రాయి. బుసబుస శబ్దం పోవాలని మరీ శుభ్రం చేసినవి నాకు నచ్చవు. ఆ శబ్దంతోపాటు తంబురా కూడా పోతుంది.

రోజూ రాయాలని టెన్షన్ పెట్టుకోకండి. ఒకే కచేరీ వారమంతా విన్నా తప్పు లేదు, నిజానికి నాకదే ఇష్టం. ఏమీ వినని రోజు ఊరుకోండి. డబ్బుపెట్టి కొన్న ఆల్బమ్‌ను కాపీ చేసి పంచకండి, ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. ఒకరికి నచ్చిన విద్వాంసుణ్ణి ఇంకొకరు తీసిపారేసే మాట మాత్రం రానివ్వద్దు. మా గుంపు ఒకసారి అలాంటి మాటతోనే ఏడాదిపాటు చెదిరిపోయింది.

దసరాకు రా. బీరువా పై అరలో నా క్యాసెట్లున్నాయి, వాటితోపాటు ఏ రోజు ఏం విన్నానో రాసుకున్న మూడు నోటు పుస్తకాలూ ఉన్నాయి. సముద్రపు తేమకు కొన్ని టేపులకు బూజు పట్టింది, వాటిని మెషిన్‌లో పెట్టకుండా విడిగా తీసిపెట్టాను. మెషిన్‌కు బెల్టు కొత్తది వేయించాను. ముందు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ విందాం. విజయనగరంలో నువ్వు ఎలాగూ బండి మారాలి కదా. టైముంటే ఆటో మాట్లాడుకుని సంగీత కళాశాల చూసి రా. 1919లో పెట్టినది, ఆదిభట్ల నారాయణదాసుగారి తర్వాత 1936లో ద్వారం వారే దానికి అధ్యక్షులయ్యారు. లోపల ఎవరైనా సాధన చేస్తుంటే గుమ్మం దగ్గర కాసేపు నిలబడు. ఏ రాగమో వచ్చి నాకు చెప్పు.

ఇట్లు,
మీ పెద్ద మామయ్య