బాగైపోయానని అనిపించే నెల

చిరంజీవి చిన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. టీబీ మందులు మొదలుపెట్టి నెల దాటింది, జ్వరం పోయింది, రాత్రి చెమటలు లేవు, ఆకలి వేస్తోంది. చాలా సంతోషం. కిందనే రెండు ప్రశ్నలు పెట్టావు. జిమ్‌కి ఎప్పుడు వెళ్లొచ్చు? ఇంత బాగున్నాక కూడా ఆరు నెలలూ మాత్రలు మింగాలా? ఈ రెండూ పక్కపక్కన చూశాకే ఉత్తరం రాయాలనిపించింది. ఫోన్లో అయితే "సరే సరే" అని పెట్టేస్తావు.

నా సర్వీసంతా టీబీ మందుల దగ్గరే గడిచింది కదా. మందులు మానేయబోయేవాళ్లను ముఖం చూసి పట్టేసేదాన్ని. వాళ్లు నీరసంగా ఉండరు రా. కళకళలాడుతూ వస్తారు. తలకు నూనె పెట్టుకుని, మంచి చొక్కా వేసుకుని, "సిస్టర్, ఇంక నాకేం లేదు" అంటారు. ఒక లారీ డ్రైవర్ మూడో నెలలో అలాగే వచ్చాడు. పనిలో చేరాలి, రోడ్డు మీద ఉంటే మాత్రలు కుదరవన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. ఏడాది తిరగకుండానే మళ్లీ కఫం డబ్బా పట్టుకుని వచ్చాడు. ఈసారి అతని ఒంట్లో ఉన్న క్రిమికి, టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్ పనిచేయలేదు. ఆ తర్వాతి వైద్యం ఎంత కష్టమో నీకు చెప్పి భయపెట్టను.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే నువ్వు మానేయవు, నీ సంగతి నాకు తెలుసు. నీ ఊపిరితిత్తుల్లో ఉన్న క్రిములన్నీ ఒకే తీరుగా బతకవు. గబగబా పెరిగేవి కొన్ని. నీ మాత్రలో ఉన్న ఐసోనియాజిడ్ అనే మందు వాటిని మొదటి కొద్ది రోజుల్లోనే ఊడ్చేస్తుంది. నీ జ్వరం, దగ్గు తగ్గింది అవి పోవడం వల్లే. ఇంకొన్ని చాలావరకు నిద్రలోనే ఉండి అప్పుడప్పుడు కాస్త మేలుకుంటాయి. వాటిని పట్టేది రిఫాంపిసిన్. పుల్లటి వాతావరణంలో నక్కినవాటికి పిరజినమైడ్. నాలుగోది ఇథాంబుటాల్, ఒకవేళ ఏదో ఒక మందుకు లొంగని క్రిమి ఉంటే అది పెరగకుండా కాపలా. మన చేలో తుంగ చూశావుగా, పైన పీకేస్తే చేను శుభ్రంగా కనిపిస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. నువ్విప్పుడు పైన శుభ్రంగా కనిపిస్తున్న చేనువి.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ అనే టీబీ మందు మీద చేసిన పరీక్ష ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. మంచం మీద విశ్రాంతి మాత్రమే ఇచ్చిన 52 మందిలో ఆరు నెలల్లో 14 మంది పోయారు. మందు కూడా ఇచ్చిన 55 మందిలో నలుగురే పోయారు. అద్భుతం అనుకున్నారు. ఐదేళ్ల తర్వాత లెక్క చూస్తే ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. ఒక్క మందే ఇచ్చారు కాబట్టి క్రిములు దానికి అలవాటుపడిపోయాయి. అందుకే ఇప్పుడు నాలుగు మందులు కలిపి ఒకే మాత్రలో పెడుతున్నారు.

ఇంకొకటి చెప్తాను, ఇది నీ ప్రశ్నకు సూటిగా తగులుతుంది. ఆరు నెలల వైద్యాన్ని నాలుగు నెలలకు తగ్గించవచ్చేమోనని మూడు పెద్ద పరీక్షలు చేశారు, 2014లో ఫలితాలు వచ్చాయి. కొత్త మందు వాడితే కొందరిలో కఫం మామూలుకంటే త్వరగా శుభ్రపడింది కూడా. అయినా నాలుగు నెలలకు ఆపినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువైంది. డాక్టర్లు కళ్లలో ఒత్తులు వేసుకుని చూస్తున్న రోగులకే అలా అయితే, హాస్టల్ గదిలో నీ అంతట నువ్వు ఆపితే ఏమవుతుందో ఆలోచించుకో. 2021లో నాలుగు నెలల కోర్సు ఒకటి గెలిచింది, గూగుల్ చేస్తే నీకు అదే ముందు కనిపిస్తుంది. అందులో మందులు వేరు. నువ్వు మింగుతున్నవి అవి కావు.

మాత్రల సంగతి. పొద్దున్నే పరగడుపున వేసుకో. వికారం మరీ ఎక్కువైతే డాక్టర్‌ని అడిగి కొంచెం ఏదైనా తిని వేసుకో గానీ మానకు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది రిఫాంపిసిన్ రంగు, కంగారు పడకు. కంగారు పడాల్సింది వేరే. పొద్దున కిటికీ దగ్గర వెలుతుర్లో అద్దం పట్టుకుని, కింది రెప్ప కొంచెం లాగి కంట్లో తెల్లగుడ్డు చూసుకో. పచ్చగా ఉన్నా, తిండి చూస్తేనే వాంతి వస్తున్నా, ఆ రోజు మాత్ర వేసుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లు. అది కాలేయం చెప్పే మాట. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా అదే రోజు చూపించు. అరికాళ్లలో తిమ్మిర్లొస్తే విటమిన్ బీ6 మాత్ర రాస్తారు. ఫ్రెండ్స్‌తో కూర్చుని "ఒక్క బీరే కదా" అనే మాట ఈ ఆరు నెలలు వద్దు. సిగరెట్ సంగతి నేను అడగను, నువ్వు చెప్పకు, మానెయ్.

తిండి దగ్గరికి వస్తే, ఇక్కడ పెద్దవాళ్లు చెప్పే మాటలు కొన్ని నిజం, కొన్ని కాదు. మద్రాసులో 1956లో మొదలైన పరీక్ష ఒకటి ఉంది, ప్రపంచమంతా టీబీ వైద్యం మారిపోయింది దాంతో. సగం మందిని శానిటోరియంలో, అంటే టీబీ ఆసుపత్రిలో పెట్టి మంచి తిండి, విశ్రాంతి ఇచ్చారు. మిగతా సగం ఇరుకు ఇళ్లలో, తక్కువ తిండితో, పనులు చేసుకుంటూ అవే మందులు వాడారు. ఇద్దరికీ దాదాపు ఒకేలా నయమైంది. ఇంట్లో ఉన్నవాళ్ల వల్ల కుటుంబానికి అదనంగా అంటుకోలేదు కూడా. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి కొండగాలి, మంచం, పాలు గుడ్లతో వైద్యం జరిగింది. సరైన మందులు వచ్చాక నెలల తరబడి మంచం అవసరం లేదని తేల్చింది మాత్రం ఆ మద్రాసు ఇరుకు ఇళ్లే.

అలాగని తిండి అక్కర్లేదనుకునేవు. ఝార్ఖండ్‌లో జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. రోగులకు నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఇచ్చి చూశారు. మొదటి రెండు నెలల్లో బరువు ఐదు శాతం పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. ఇంట్లో మిగతావాళ్లకు కూడా తిండి ఇచ్చిన కుటుంబాల్లో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. వాళ్లు బాగా చిక్కిపోయినవాళ్లు, నీ అంత నయం కాదు. అయినా నువ్వు 64 కిలోల నుంచి 52కి దిగావు. ఐదు శాతమంటే నీకు రెండున్నర కిలోల పైచిలుకు, అంతే. నెలకోసారి ఒకే మిషన్ మీద బరువు చూడు. మాత్రల సంఖ్య కూడా బరువును బట్టే, 50 నుంచి 64 కిలోల దాకా రోజుకు నాలుగు. బాగా పెరిగితే ఇంకోటి పెంచుతారు.

ఏం తినాలంటే, అక్కడ మెస్సులో దొరికేదే. రెండు గుడ్లు, పప్పు గట్టిగా, పెరుగు. సాయంత్రం గుప్పెడు వేయించిన చెనిక్కాయలు, బెల్లం ముక్క. ప్రోటీన్ పౌడర్ వేసుకుంటే తప్పు కాదు గానీ, ఆ డబ్బా ఖరీదుకి ఎన్ని గుడ్లొస్తాయో ఒకసారి లెక్కేసుకో. కొవ్వు కరిగించే మాత్రలు, గ్రీన్ టీ సారం క్యాప్సూల్స్, ఎవరో చెప్పిన కషాయాలు మాత్రం ముట్టుకోకు. నీ కాలేయం ఇప్పటికే చాలా పని చేస్తోంది. షుగర్ టెస్టు చేయించుకోకపోతే ఈ వారమే చేయించుకో. టీబీ రోగుల పేర్లు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో బ్యాంకు ఖాతా నంబరు ఇచ్చావా? నెలకు వెయ్యి రూపాయలు వస్తాయి. నాకెందుకులే అనుకోకు.

ఇప్పుడు జిమ్. రెండో నెల కఫం పరీక్ష అయ్యేదాకా వద్దు. ఏసీ వేసి తలుపులు బిగించిన గదిలో అందరూ రొప్పుతూ గాలి పీలుస్తుంటారు. వాళ్లకూ మంచిది కాదు, నీకూ కాదు. పైగా బరువులెత్తితే తిన్నదంతా అక్కడికే పోతుంది. మంచం మీద పడుకోమనీ అనట్లేదు. పొద్దున చెట్లున్న చోట నడువు. నడుస్తూ నాతో ఫోన్లో మాట్లాడగలగాలి, పాట పాడే ఓపిక మిగిలితే కొంచెం వేగం పెంచొచ్చు, మాట తెగిపోతుంటే తగ్గించాలి. ఆసుపత్రిలో ఆరు నిమిషాల నడక పరీక్ష అని ఒకటుంది, 30 మీటర్ల వరండాలో అటూ ఇటూ నడిపించి ఎంత దూరం వెళ్లావో కొలుస్తారు. అడిగి చేయించుకో. నెలల తర్వాత మళ్లీ చేస్తే నీ ఊపిరితిత్తులు ఎంత కోలుకున్నాయో అద్దం కంటే అదే బాగా చెబుతుంది. రెండు నెలల తర్వాత డాక్టర్ ఒప్పుకుంటే ఇంట్లోనే చిన్న చిన్న కసరత్తులు. పెద్ద బరువులు కోర్సు అయ్యాకే. కఫంలో నెత్తురు చార కనిపిస్తే మాత్రం అన్నీ ఆపి ఆసుపత్రికి పరుగెత్తు. కొందరికి టీబీ పూర్తిగా నయమైనా మెట్లెక్కితే ఆయాసం మిగులుతుంది. అలా అయితే ఫిజియోథెరపిస్ట్ నేర్పే శ్వాస కసరత్తులు పనికొస్తాయి. సిగ్గుపడి దాచుకోకు.

కఫం ఇచ్చేటప్పుడు ఉమ్మి ఇవ్వకు రా, సగం మంది అదే ఇస్తారు. నిద్ర లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించి, రెండు మూడుసార్లు లోతుగా గాలి పీల్చి, పొట్టలోంచి దగ్గు. చిక్కగా వచ్చేదే డబ్బాలో పడాలి. ఆరు నెలలకు మళ్లీ ఒకసారి, ఆ తర్వాత రెండేళ్ల దాకా ఆరు నెలలకోసారి చూస్తారు. పిలిచినప్పుడు వెళ్లు.

గదిలో ఉన్న ఇద్దరికీ చెప్పావా? చెప్పు. వాళ్లకు ఎక్స్‌రే తీయించాలి, అవసరమైతే ముందు జాగ్రత్త మాత్రలు ఇస్తారు. నీ కంచం, గ్లాసు వేరుగా పెట్టుకోనక్కర్లేదు, అది గాల్లో వచ్చే జబ్బు. కిటికీ తెరిచి ఉంచు, డాక్టర్ చెప్పేదాకా మాస్కు తీయకు. మీ అమ్మతో ఇప్పటిదాకా "చిన్న ఇన్ఫెక్షన్" అన్నావట. నువ్వే చెబుతావా, నన్ను చెప్పమంటావా? ఆదివారం లోపు నాకు చెప్పు. వచ్చే వారం మీ బాబాయి హైదరాబాద్ వస్తున్నాడు, చెనిక్కాయల పొడి, నువ్వుల ఉండలు పంపిస్తాను. రెండో నెల రిపోర్టు రాగానే ఫోటో తీసి పెట్టు.

మీ పెద్దమ్మ