పాఠకుల ప్రశ్నలు: హైదరాబాదు నుంచి బెంగళూరుకు, మధ్యలో ఆగుతూ

ప్రశ్న: మా వారికి బెంగళూరు బదిలీ అయింది. పెద్ద సామాను లారీలో పంపేసి, మేము అద్దె కారులో వెళ్తున్నాం. డెబ్భై దాటిన అత్తయ్యగారు కూడా వస్తున్నారు. దారిలో పాత గుళ్లూ కోటలూ చూస్తూ వెళ్లాలని ఉంది. ఒక్క రోజులో ఎన్ని చూడొచ్చు?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: రెండు, అంతకు మించి వద్దు. 44వ నంబరు జాతీయ రహదారి మీద దూరమే దాదాపు 570 కిలోమీటర్లు. మూడో చోటు కలిపితే చివరిది చీకట్లో చూడాలి, లేదా డ్రైవరు నిద్రమత్తులో బండి నడపాలి.

ఆ రెండూ అలంపురం, లేపాక్షి. తెల్లవారుజామున 5కు బయలుదేరితే టిఫినుతో కలిపి 9కల్లా అలంపురం చేరతారు. కర్నూలుకు ముందు అలంపురం చౌరస్తాలో హైవే దిగాలి. 7, 8 శతాబ్దాల నాటి బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు ఇక్కడున్నాయి. పేరుకు బ్రహ్మలే గానీ అన్నీ శివాలయాలు. నిత్యపూజలు ప్రధానంగా బాలబ్రహ్మ గుడిలోనే. చాలామంది జోగులాంబ దర్శనం చేసుకుని వెనుదిరుగుతారు, అసలు శిల్పం చూడకుండానే! స్వర్గబ్రహ్మ ఆలయం బయటి గోడల చుట్టూ ఒకసారి నిదానంగా తిరగండి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయే చోటి నుంచి రాళ్లు విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన సంగమేశ్వరాలయం కూడా ఈ ఊళ్లోనే ఉంది. అన్నిటికీ గంటన్నర చాలు.

10.30కి కదిలితే అనంతపురం దగ్గర భోజనం చేసి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మలుపు తిరిగి, సాయంత్రం 4కు లేపాక్షిలో ఉంటారు. ఆ వేళకే పెట్టుకోవడానికి కారణం ఎండ. గుడిలో చెప్పులుండవు, మిట్టమధ్యాహ్నం ఆవరణలోని బండలు కాళ్లు బొబ్బలెక్కిస్తాయి. అత్తయ్యగారికి మందపాటి మేజోళ్లు తప్పకుండా ఉంచండి. 16వ శతాబ్దంలో అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం ఇది. జనమంతా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చడంలోనే ఉంటారు. మీరు నాట్యమండపంలో తల పైకెత్తి కప్పు మీది చిత్రాలు చూడండి. ఫ్లాష్ మాత్రం వాడొద్దు. ఏకశిలా నంది గుడిలో ఉండదు, కాస్త అవతల రోడ్డు పక్కన ఉంటుంది. 5.30కి బయలుదేరినా బెంగళూరు పొలిమేరల్లో ట్రాఫిక్ తప్పదు కాబట్టి ఇంటికి చేరేసరికి 8.30 అనుకోండి.

బండి మాట్లాడుకునేటప్పుడే ఈ రెండు ఊళ్ల పేర్లూ చెప్పండి. గొడవలు వచ్చేది ఇక్కడే. ‘వన్‌వే డ్రాప్’ ధరలో తిన్నని దారే లెక్క. పక్కదార్లకు అదనంగా 50, 60 కిలోమీటర్లవుతుంది, ఆగినందుకు వెయిటింగ్ కూడా వేస్తారు. అదనపు కిలోమీటరుకు ఎంతో, వెయిటింగ్ గంటకు ఎంతో, టోలు, డ్రైవరు బత్తా, ఆంధ్ర, కర్ణాటక పర్మిట్ పన్నులు ధరలో ఉన్నాయో లేదో వాట్సాప్‌లో రాయించుకోండి. పసుపు నంబరు ప్లేటు బండే తీసుకోండి. ముందు రాత్రి డ్రైవరు వేరే కిరాయికి వెళ్లి రాకుండా చూసుకోవడం కూడా ముఖ్యమే.

ప్రశ్న: రెండు రోజులు తీరిక ఉంటే ఇంకేం కలపొచ్చు?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మొదటి రోజు అలంపురం తర్వాత గుత్తి దగ్గర హైవే వదిలి, పత్తికొండ దారిలో ఎర్రగుడికి వెళ్లండి. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. ఒకదాంట్లో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, తర్వాతి పంక్తి కుడి నుంచి ఎడమకు, నాగలి చాలు తిరిగినట్టు చెక్కారు. బ్రాహ్మి లిపి చదవడం రాకపోయినా ఆ శాసనం అచ్చు ప్రతి ఒకటి వెంట తీసుకెళ్తే పోల్చి చూసుకోవచ్చు. రాత్రి బస అనంతపురంలో. మర్నాడు పొద్దున్నే పెనుకొండలో గగన్ మహల్, ఆ తర్వాత లేపాక్షి.

గుత్తి కోట ఎక్కాలంటే మాత్రం ప్లాను మార్చాలి. నిట్రంగా ఉండే కొండ, పైన నీళ్లు దొరకవు, ఎండెక్కాక ఎక్కడం దండగ. రాత్రి గుత్తిలోనే ఉండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లతో తెల్లవారగానే మొదలుపెట్టండి. పైన ఈ కోటను ఏలిన మరాఠా సర్దారు మురారిరావు గద్దె నుంచి చుట్టుపక్కలంతా కనిపిస్తుంది. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను మొదట పాతిపెట్టింది ఈ గుత్తిలోనే. మోకాళ్ల నొప్పులున్నవారు కోట జోలికి పోకుండా ఎర్రగుడితో సరిపెట్టుకోవచ్చు.

ప్రశ్న: ఆగినప్పుడు కారులో సామాను భద్రమేనా?

జవాబు: డ్రైవరు బండి దగ్గరే ఉండేట్టు ముందే ఒప్పుకోండి, ఆయన భోజనం మీతోపాటే కానివ్వండి. నగలు, సర్టిఫికెట్లు, లాప్‌టాప్ ఒకే భుజం సంచిలో మీ దగ్గరే ఉండాలి. క్యారియర్ మీద సామాను కట్టకపోతే ఇంకా మంచిది.