ఆ తాలింపులో మిరపకాయలు తీసెయ్

చిరంజీవి తమ్ముడికి,

రెండువేల ఏళ్ల కిందటి హాన్ రాజవంశం కాలం నాటి చైనా రైతు ఇంటి మీద నువ్వు రాసిన కథ చదివాను. తల్లీకొడుకుల మాటలు బాగా కుదిరాయి. అయితే వాళ్లు తిండికి కూర్చున్న ప్రతిసారీ నాకు ముద్ద దిగలేదు.

క్రీస్తుపూర్వం నాటి వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు పెట్టావు. మిరప అమెరికా ఖండాల మొక్క. కొలంబస్ ప్రయాణాల తరవాత గానీ చైనా ముఖం చూడలేదు. మొక్కజొన్న, వేరుశెనగ కూడా అంతే. వీటిని కొట్టెయ్యడం అయిదు నిమిషాల పని. అసలు పని అన్నం దగ్గరుంది.

నీ రైతు ఉండేది పసుపు నది ఒడ్డున. వరి దక్షిణాన, యాంగ్‌జీ నది వైపు పంట. ఉత్తరాది పేదవాడి కుండలో ఉడికేవి కొర్రలు, వరిగలు. మన అనంతపురం మెట్ట చేలల్లో పండే ఆ గింజలే. గోధుమ ఉంది గానీ, అది పడమటి నుంచి వచ్చిన పంట, చాలాకాలం గింజల్నే ఉడికించుకు తిన్నారు. హాన్ కాలంలో తిరగళ్ల వాడకం పెరిగాకే పిండితో చేసే తిండి బాగా వ్యాపించింది.

కొర్రలు పెట్టావంటే దంపుడు కూడా పెట్టాలి. పొట్టు పోకపోతే కుండలోకి ఏం వేస్తారు? అదెంత చాకిరీ అంటే, హాన్‌లోనూ, వాళ్లకి ముందటి చిన్ రాజవంశంలోనూ చట్టాల్లో నేరం చేసిన ఆడవాళ్లకి వేసే కఠిన శిక్షల్లో ధాన్యం దంచడం ఒకటి. నీ కథలో తల్లి రోజూ వేడివేడిగా వడ్డిస్తుంది, రోకలి మాత్రం ఒక్కసారీ పట్టుకోదు. ఆవిడ అరచేతులు ఒక్కసారి చూపించు.

ఇక ఆ విందు. జింకమాంసం, కుందేలు, చేపలు, తామరదుంప పులుసు... ఇవన్నీ మావాంగ్‌దుయ్ సమాధి వివరాల్లోంచి తీసుకున్నట్టున్నావు. 1972లో దక్షిణ చైనాలోని చాంగ్‌షా దగ్గర బయటపడ్డ ఆ సమాధి షిన్ జుయ్ అనే పెద్దింటి ఇల్లాలిది. ఆవిడ పొట్టలో, పేగుల్లో 138 ఖర్బూజ గింజలు దొరికాయి. (గింజలు ఉమ్మే ఓపిక కూడా లేకుండా తిన్నదన్నమాట, నాకు ఆవిడ మీద ముచ్చటేసింది.) కానీ ఆవిడ భర్త ఒక సంస్థానానికి ప్రధాని. ఆ పళ్లెం తెచ్చి నీ రైతు ముందు పెడితే ఎలా? సమాధులు తవ్వితే ఎక్కువగా కనిపించేది కలిగినవాళ్ల వంటిల్లే. లేనివాడి తిండి కోసం లెక్కల కాగితాల్లాంటివి వెతకాలి. సరిహద్దు కావలి సైనికులకి ధాన్యం కొలిచిచ్చిన లెక్కలు వాయవ్య సరిహద్దులోని జుయాన్‌లో చెక్కపలకల మీద దొరికాయి. క్రీస్తుపూర్వం 59లో వాంగ్ బావ్ అనే కవి ఒక బానిసను కొన్న పత్రాన్ని వేళాకోళంగా రాశాడు. అందులో ఆ బానిసకి దక్కేది ఉడికిన సోయా గింజలు, మంచినీళ్లు. మద్యం పెదవులు తడుపుకునేంత వరకేనని షరతు కూడా. వేళాకోళమే అయినా పేదవాడికి ఏం పెట్టేవాళ్లో తెలిసిపోతుంది.

కాబట్టి నీ కథలో వాళ్లకి కొర్రన్నం, సోయా ఆకు వేసిన పులుసు, ఉప్పేసి ఊరబెట్టిన సోయా గింజలు చాలు. రోజుకి రెండు పూటలే. మాంసం పండక్కి.

నీ కుర్రాడు అన్నాన్ని చాప్‌స్టిక్స్‌తో తింటాడు. మర్యాదల గురించి ఆనాటి గ్రంథం లీ జీలో వరిగన్నాన్ని వాటితో తినొద్దని ఉంది. పులుసులో ఆకుకూర ఉంటే వాడమంది, లేకపోతే అక్కర్లేదంది. నలుగురూ ఒకే గిన్నెలో అన్నం తినేటప్పుడు చేతులు రుద్దుకోవద్దని కూడా ఉంది. అంటే చేత్తో కలిసి తిన్నారు. దీన్ని మనకన్నా బాగా ఎవరు రాస్తారు!

తిండికీ కథకీ ముడి ఎక్కడ పడుతుందో కూడా చెప్తాను. భూమిశిస్తు పంటలో ముప్ఫయ్యో వంతే, తేలికే. తలపన్ను మాత్రం పెద్దవాళ్లకి మనిషికి 120 నాణేలు, అదీ డబ్బుగానే కట్టాలి. నాణేల కోసం రైతు ధాన్యం అమ్ముకోవాలి, అందరూ ఒకేసారి అమ్మితే ధర పడిపోతుంది. గాదె అక్కడ ఖాళీ అవుతుంది. నీ కథలో కరువు దేవుడి కోపం వల్ల వచ్చింది. దాని బదులు ఇది పెట్టి చూడు.

మూడో భాగంలో పన్ను వసూలుకి వచ్చినవాడికి ఆ తల్లి భోజనం పెడుతుంది కదా, ఆ పూట ఇంట్లో ఎవరు పస్తున్నారో రాయి. చివరి భాగం ముట్టుకోకు, బాగానే ఉంది. తిరగరాశాక పంపు.

మీ అన్నయ్య